మొదటి తూము దగ్గరే ఆగిన విజ్ఞానం

తిరువూరు ప్రాంత రైతుకు ‘మూడో జోన్’ అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం జిల్లాలు దాటి తన పొలం దగ్గరికి వచ్చేసరికి అందులో ఎంత నీరు మిగులుతుందో, వారబందీలో తన వంతు ఎప్పుడు తప్పిపోతుందో, అడిగితే లస్కరు ఏం చెబుతాడో ఆయనకు కంఠతా వచ్చు. డ్యాం నిండిందన్న కబురు పేపర్లో వస్తుంది. బోదెలోకి నీరు దిగిందా లేదా అన్నది మాత్రం గట్టు మీద నిలబడి చూసుకోవాల్సిందే.

సాగర్‌కు 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 1956 ఆగస్టు 4న, బొంబాయి పక్కన ట్రాంబేలో దేశపు తొలి అణు రియాక్టర్ ‘అప్సర’ పని మొదలుపెట్టింది. ఆ ఆగస్టులోనే జర్మన్ విమాన నిపుణుడు కుర్ట్ టాంక్ మన దేశానికే ఒక యుద్ధవిమానం గీసిపెట్టడానికి బెంగళూరు చేరాడు. ఆనకట్ట, రియాక్టర్, విమానం మూడూ ఒకే ప్రభుత్వం ఒకే ధీమాతో మొదలుపెట్టిన పనులు. ఆనకట్ట సంగతి వచ్చేసరికి ఎన్ని ఎకరాలు తడిసింది, చివరి మడికి నీరందిందా అని అడగడం మనకు అలవాటు. ప్రభుత్వ పరిశోధన దగ్గర ఆ ప్రశ్న ఎవరూ వేయరు. రాకెట్ ఎగిరితే చప్పట్లు కొడతాం, రియాక్టర్ రగిలితే గర్వపడతాం. ఆ విజ్ఞానపు కాలువకు ఆయకట్టు ఎక్కడుంది, చివరి తూము ఎవరి ఊళ్లో ఉంది అన్న లెక్క మాత్రం తీయం.

ఇప్పుడు ఆ లెక్క తీయాల్సిన సందర్భం వచ్చింది. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో చిన్న అణు రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలు ప్రకటించారు. 2033 నాటికి దేశీయంగా తయారైన అయిదు చిన్న రియాక్టర్లు నడవాలని, 2047 నాటికి అణు విద్యుత్తు సామర్థ్యం లక్ష మెగావాట్లకు చేరాలని లక్ష్యం పెట్టారు. మరోపక్క, తేజస్ మార్క్–1ఏ విమానాలకు బిగించాల్సిన ఇంజిన్లు అమెరికా నుంచి ఆలస్యంగా వస్తున్నాయని వాయుసేన విసుగు పడుతోంది. రెంటి మూలాలూ 1948 నుంచి 1962 దాకా మనం తీసుకున్న నిర్ణయాల్లో ఉన్నాయి. ఆ నిర్ణయాలు తీసుకున్నవారిలో మన ప్రాంతం మనిషీ ఒకరున్నారు.

ఆగిరిపల్లి నుంచి రక్షణ శాఖ దాకా

తిరువూరు నుంచి విస్సన్నపేట, నూజివీడు మీదుగా మామిడి తోటల మధ్య వెళ్తే శోభనాచలస్వామి కొండ కనిపిస్తుంది. అదే ఆగిరిపల్లి. నాడు కృష్ణా జిల్లా, నేడు ఏలూరు జిల్లా. సూరి భగవంతం 1909లో పుట్టింది అక్కడే. 1928లో, రామన్ ఫలితం వెలువడిన ఏడాదే, ఆయన కలకత్తా వెళ్లి సి.వి.రామన్ దగ్గర చేరాడు. 1932లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించాడు. తర్వాత కొంతకాలం లండన్‌లోని భారత హైకమిషన్‌లో శాస్త్ర సంబంధాల అధికారిగా ఉన్నాడు. 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా ఉపకులపతి. ఆపైన బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టర్. 1961లో దౌలత్‌సింగ్ కొఠారీ తర్వాత రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా వెళ్లి 1969 దాకా ఆ పదవిలో కొనసాగాడు.

ఈ వరసలో గమనించాల్సిన మలుపు ఒకటుంది. ఆయన ఉద్యోగ జీవితంలో మొదటి పాతికేళ్లు దాదాపుగా విశ్వవిద్యాలయాల్లో గడిచాయి, చివరి భాగం ప్రభుత్వ పరిశోధన యంత్రాంగంలో గడిచింది. దేశంలో విజ్ఞానం నడిచిన దారీ అదే. సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు ఎలా అన్వయించాలో చెబుతూ భగవంతం, టి.వెంకటరాయుడు కలిసి రాసిన పుస్తకాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చు వేసింది. అణువుల కంపనాల మీద పనిచేసే పరిశోధకులు దాన్ని దేశవిదేశాల్లో చదివారు. సముద్రపు ఒడ్డున, స్థాపించి ఇరవై రెండేళ్లయిన ఒక ప్రాంతీయ విశ్వవిద్యాలయం నుంచి అలాంటి పుస్తకం రావడం ఆనాడు ఎవరికీ వింతగా తోచలేదు. ఈనాడు అలాంటిది వస్తే పతాక శీర్షిక అవుతుంది.

సాహా వేసిన ప్రశ్న

ఆ పుస్తకం వచ్చిన ఏడాదే ఢిల్లీలో దారి మళ్లింది. 1948 ఏప్రిల్‌లో రాజ్యాంగ సభ అణుశక్తి చట్టం చేసింది. ఆగస్టు 10న అణుశక్తి సంఘం ఏర్పడింది. హోమీ భాభా అధ్యక్షుడు. శాంతిస్వరూప్ భట్నాగర్, కె.ఎస్.కృష్ణన్ సభ్యులు. 1954 జనవరిలో ట్రాంబే అణు సంస్థ, అదే ఏడాది ఆగస్టులో నేరుగా ప్రధాని కింద ఉండే అణుశక్తి విభాగం వచ్చాయి. 1958లో రక్షణ పరిశోధన సంస్థ పది ప్రయోగశాలలతో మొదలైంది. 1959లో జాతీయ వైమానిక ప్రయోగశాల ఢిల్లీలో పుట్టి, మరుసటి ఏడాది బెంగళూరుకు తరలింది; అక్కడ దానికి దొరికిన తొలి చోటు మైసూరు మహారాజా వారి భవనంలోని గుర్రపుశాల. 1958 మార్చి 4న నెహ్రూ ప్రభుత్వం శాస్త్ర విధాన తీర్మానం చేసింది. పదేళ్లలో ఇన్ని సంస్థలు లేచాయి. వీటిలో ఏదీ విశ్వవిద్యాలయంలో భాగం కాదు.

ఇలా వద్దని వాదించిన పెద్దమనిషి మేఘనాథ్ సాహా. నక్షత్రాల కాంతిని చదివే సూత్రాన్ని ప్రపంచానికిచ్చిన ఆ భౌతిక శాస్త్రవేత్త 1952లో కలకత్తా నుంచి స్వతంత్రుడిగా లోక్‌సభకు గెలిచాడు. ముందు పరిశ్రమల పునాది, తర్ఫీదు పొందిన మనుషులు కావాలని, అణు పరిశోధన విశ్వవిద్యాలయాల్లో వేళ్లూనాలని, చట్టం నిండా ఉన్న రహస్య నిబంధనలు విజ్ఞానానికి ఉరి అవుతాయని ఆయన గట్టిగా చెప్పాడు. 1954లో లోక్‌సభలో అణుశక్తిపై ప్రత్యేక చర్చ జరగడానికి కారకుడూ ఆయనే. భాభా దారి వేరు. సమర్థుడైన ఒక మనిషిని వెతికి పట్టుకుని, అతని చుట్టూ సంస్థను కట్టాలన్నది ఆయన పద్ధతి. విశ్వవిద్యాలయాల పాలకమండళ్లు, జీతాల స్కేళ్లు, కొనుగోలు నిబంధనల మధ్య రియాక్టర్ లేవదని ఆయన లెక్క.

ఇద్దరూ తమతమ మేరకు నిజమే చెప్పారు. భాభా పద్ధతి లేకపోతే 1956లో అప్సర వచ్చేది కాదు. సాహా మాట వినకపోవడం వల్ల కలిగిన నష్టం వెంటనే కనబడలేదు. మూడు నాలుగు దశాబ్దాలకు బయటపడింది. 1957లో ట్రాంబే తన సొంత శిక్షణ పాఠశాల తెరిచింది. విశ్వవిద్యాలయాల నుంచి మెరికల్లాంటి పట్టభద్రులను ఏరుకుని ఏడాది తర్ఫీదు ఇచ్చి అక్కడే ఉద్యోగం ఇచ్చే ఆ ఏర్పాటు గొప్పగా పనిచేసింది, నేటికీ పనిచేస్తోంది. అయితే ఏటా పంట కోసుకెళ్లినవారు ఆ చేలో తట్టెడు ఎరువు వేశారా అన్నది వేరే సంగతి. మంచి విద్యార్థి వెళ్లాడు, అతని వెంట మంచి అధ్యాపకుడూ వెళ్లాడు, డబ్బూ అటే వెళ్లింది. మిగిలింది పాఠం చెప్పే గది, పరీక్ష పెట్టే హాలు.

అప్సర నేర్పినది

నష్టం లెక్క వేసేముందు లాభాన్ని తూకం తగ్గించకుండా చెప్పుకోవాలి. అప్సర ఒక మెగావాట్ సామర్థ్యమున్న, నీటి తొట్టిలో మునిగి ఉండే చిన్న రియాక్టర్. ఇంధనం బ్రిటన్ ఇచ్చింది. మిగతా నిర్మాణమంతా ఇక్కడివాళ్లే ఏడాదికి కాస్త పైన సమయంలో పూర్తిచేశారు. రియాక్టర్‌ను అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ పరికరాలను తయారుచేసిన బృందానికి నాయకుడు అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు ఆయన ఊరు. బయటినుంచి కొంటే సరిపోయే మీటర్లను, కౌంటర్లను పనిగట్టుకుని ఇక్కడే చేయించడం అప్పట్లో కొందరికి చాదస్తంగా అనిపించి ఉండొచ్చు. ఆ చాదస్తమే 1967లో హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాగా, అంటే ఈసీఐఎల్‌గా నిలబడింది. ఆయనే దాని తొలి సారథి. అక్కడ తయారైన టీవీలు తెలుగు ఇళ్లలో మోగాయి. కంప్యూటర్లు వచ్చాయి. ఇప్పుడు మనం ఓటు వేసే యంత్రాల్లో చాలా అక్కడివే. ఏఎస్‌ రావు నగర్ బస్సు ఎక్కేవారిలో ఎంతమందికి ఆ పేరు వెనకున్న రియాక్టర్ గుర్తుంటుందో గాని, పరిశోధనశాల నుంచి జనం చేతికి విజ్ఞానం దిగివచ్చిన దారికి అంతకన్నా మంచి ఉదాహరణ తెలుగునాట లేదు.

విద్యుత్తు విషయంలో మాత్రం మాట ఎక్కువై పని తక్కువైంది. 1980 నాటికి 8,000 మెగావాట్ల అణు విద్యుత్తు వస్తుందని 1950ల్లో చెప్పారు. 1987కల్లా ఇరవై వేలు దాటుతుందని 1962లో అన్నారు. 1980లో నిజంగా ఉన్నది దాదాపు 600 మెగావాట్లు. ఈనాటికీ దేశం వాడే కరెంటులో అణు వాటా సుమారు 3 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో నడుస్తున్న అణు విద్యుత్ కేంద్రం ఒక్కటీ లేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ ఏళ్ల తరబడి కాగితం మీదే ఉంది. 2047 లక్ష్యాన్ని చదివేటప్పుడు ఈ పాత లెక్కలు పక్కన పెట్టుకోవడం అవసరం. 1974 అణు పరీక్ష తర్వాత విదేశాలు సాయం ఆపేశాయన్నది నిజమే. అయితే బయటివాళ్లు ఆపగానే ఆగిపోయేంత సన్నని పునాది ఎందుకు మిగిలిందన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు విమానం కథలో ఇంకా స్పష్టమైన జవాబుంది.

విమానం ఉంది, ఇంజిన్ లేదు

కుర్ట్ టాంక్ బృందం, హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఇంజినీర్లు కలిసి గీసిన హెచ్‌ఎఫ్–24 ‘మరుత్’ 1961 జూన్ 17న ఎగిరింది. ఆసియాలో సోవియట్ యూనియన్ తప్ప మరే దేశమూ అప్పటికి అలాంటి జెట్ యుద్ధవిమానాన్ని సొంతంగా తెచ్చి వాయుసేనకు అప్పగించలేదు. ధ్వని వేగాన్ని మించాలని గీసిన విమానం అది. గీసింది ఒక ఇంజిన్‌ను నమ్ముకుని. బ్రిటన్ తయారుచేస్తున్న ఆర్ఫియస్ ఇంజిన్‌లో ఎక్కువ బలమున్న రకం వస్తుందనుకున్నారు. బ్రిటన్ దాని పని మధ్యలో ఆపేసింది. మిగిలిన ఖర్చు మనం పెట్టుకుంటే పూర్తిచేస్తామన్నా మన ప్రభుత్వం ముందుకు రాలేదు. దిక్కుతోచక ఈజిప్టులో తయారవుతున్న ఇంజిన్‌ను 1967లో మరుత్‌కు బిగించి ఎగరేసి చూశారు. ఆ ప్రయత్నమూ మూలనపడింది. చివరికి చిన్న నాట్ విమానం కోసం బెంగళూరులో తయారయ్యే బలహీనమైన ఆర్ఫియస్ ఇంజిన్లు రెండు పెట్టి సరిపెట్టారు. చక్కని ఒడ్డూపొడుగూ ఉన్న విమానం జీవితాంతం ఆయాసపడుతూనే ఎగిరింది. 147 విమానాలు తయారై, 1971 యుద్ధంలో పాల్గొని, 1990 నాటికి విరమించాయి.

ఆ తర్వాత 1980ల చివర మొదలైన కావేరి ఇంజిన్ తేజస్‌కు అందలేదు. 2001లో తేజస్ ఎగిరింది అమెరికన్ ఇంజిన్‌తో. విమానం ఆకారాన్ని ఓ మేధావి బృందం గీయగలదు. ఇంజిన్ అలా రాదు. కరిగిపోయేంత వేడిలో నిమిషానికి వేలసార్లు తిరిగే బ్లేడు ఒక్కటి తయారవ్వాలంటే లోహశాస్త్రం, పోత, పూత, కొలత, ఆ పైన ఏళ్లతరబడి పరీక్షలు కావాలి. అంటే వందల చిన్న ప్రయోగశాలలు, వేలమంది సాంకేతికులు, విఫలమైనా నిధులు ఆగని విశ్వవిద్యాలయ విభాగాలు కావాలి. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల 2021లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం ఏకస్ఫటిక బ్లేడ్లు 60 తయారుచేసి హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందించింది. అది నిజంగా ఘనకార్యమే. మరుత్ ఎగిరిన అరవయ్యేళ్లకు అది జరగడమే మన జబ్బు ఎక్కడుందో చెబుతోంది. కాలువ తల దగ్గర ఎంత నీరున్నా పిల్లకాలువలు లేకపోతే చేను పండదు.

అమెరికా కాల్చుకున్న చేయి

ప్రభుత్వ పరిశోధనలో డబ్బు వృథా కావడం మన ఒక్కరి జాతకం కాదు. విమానాన్ని అణుశక్తితో నడపాలని అమెరికా 1946లో పని మొదలుపెట్టింది. రోజుల తరబడి దిగకుండా ఎగిరే బాంబర్ కావాలన్నది వారి కోరిక. 1955–57 మధ్య ఒక పెద్ద బాంబర్‌లో నిజంగానే ఒక మెగావాట్ రియాక్టర్ పెట్టి 47 సార్లు ఎగరేశారు. ఆ రియాక్టర్ విమానాన్ని నడపలేదు. రేడియేషన్ ఎలా పాకుతుందో చూడటానికే పెట్టారు. మనుషులు కూర్చునే చోటును సీసం, రబ్బరుతో పన్నెండు టన్నుల పెట్టెగా మార్చాల్సి వచ్చింది. పదిహేనేళ్లు, వంద కోట్ల డాలర్లు అయ్యాక 1961 మార్చిలో అధ్యక్షుడు కెనడీ ఆ కార్యక్రమాన్ని రద్దుచేశాడు. అదే విమానానికి కావలసిన లోహాలను పరీక్షించాలని వైమానిక పరిశోధన సంస్థ ఒహాయోలోని ప్లమ్‌బ్రూక్ దగ్గర కట్టిన రియాక్టర్ మూడు నెలల తర్వాత, జూన్‌లో, రగిలింది. పెళ్లి రద్దయ్యాక పందిరి లేచినట్టయింది.

అయినా అమెరికా ఆ దెబ్బను తట్టుకుంది. దానికి కారణం డబ్బు ఒక్కటే అనుకోలేం. నాసాకు ముందున్న వైమానిక సలహా సంఘం 1915లో ఏర్పడి, తన విండ్ టన్నెళ్లలో కనిపెట్టిన విషయాల్లో చాలా భాగం నివేదికలుగా అచ్చువేసి అందరికీ పంచింది. 1933లో ఒకే నివేదికలో 78 రెక్కల ఆకృతుల కొలతలు ఇచ్చింది. నాలుగంకెల ఆ సంఖ్యలను పట్టుకుని ఎక్కడివారైనా రెక్క చెక్కుకోవచ్చు. నేడు తెలుగునాట ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు డ్రోన్ తయారుచేసేటప్పుడు చూసుకునేది తొంభై ఏళ్ల కిందటి ఆ పట్టికలనే. ఆ కాలువలో నీరు అంత దూరం పారింది. మన 1948 చట్టం, దాని స్థానంలో వచ్చిన 1962 చట్టం అణు సమాచారం బయటికి పొక్కకుండా చూడడం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాయి. దేశ రక్షణకు దాచాల్సినవి ఉంటాయి, కాదనం. ఏది దాచాలి, ఏది పంచాలి అని ఎంచే పద్ధతే లేకపోతే అన్నీ బీరువాలోకే వెళ్తాయి.

తెలుగునాట మిగిలినవి

మన రాష్ట్రాలకు దక్కింది తక్కువేమీ కాదు. క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్ 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు వచ్చింది. అప్పుడు రక్షణ శాఖకు శాస్త్ర సలహాదారు భగవంతమే. 1970లో భారత్ డైనమిక్స్, 1971లో దేశంలోని రియాక్టర్లకు ఇంధన కడ్డీలు తయారుచేసే అణు ఇంధన సముదాయం హైదరాబాద్‌లోనే నెలకొన్నాయి. 1971 అక్టోబరులో నెల్లూరు తీరాన శ్రీహరికోట నుంచి తొలి చిన్న రాకెట్ లేచింది. తిరువూరు మీదుగా పోయే జగదల్‌పూర్ రహదారి పట్టుకుని కొత్తగూడెం దాటి గోదావరి వైపు వెళ్తే, మణుగూరు బొగ్గు, గోదావరి నీరు ఆధారంగా 1991 నుంచి నడుస్తున్న భారజల కర్మాగారం వస్తుంది. ఇటు మచిలీపట్నంలో 1926లోనే ప్రయోగశాల పరికరాలు తయారుచేయడానికి ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టింది. దాన్ని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది.

ఇన్ని సంస్థల నడుమ విశ్వవిద్యాలయం వైపు నిలబడిన మనిషిని మాత్రం మనం మరిచాం. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యాడు. ఐరోపాలో యోగం మీద ఉపన్యాసాలిస్తూ భౌతికశాస్త్రం వైపు మళ్లాడు. ప్రేగ్‌లో ఎక్స్‌రేల మీద, లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పనిచేశాడు. తిరిగొచ్చాక 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టాడు. అక్కడి ప్రయోగశాలలకు ఆయన పేరే ఉంది. ట్రాంబేలో కోట్లు ఖర్చవుతున్న రోజుల్లో కాషాయం కట్టిన ఒక మనిషి వాల్తేరులో పరికరం పరికరంగా పోగుచేసి విద్యార్థుల చేత బీటా వర్ణపటాలు తీయించాడు. సాహా కోరుకున్నది అదే. దానికి రావలసినంత నీరు మాత్రం ఎప్పుడూ రాలేదు.

అంకెలు ఈ మాటనే చెబుతాయి. పరిశోధన, అభివృద్ధిపై మన దేశం పెట్టే ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. చైనా రెండు శాతం పైన, అమెరికా మూడు శాతం పైన పెడుతున్నాయి. ఆ కొద్దిలోనూ విశ్వవిద్యాలయాలు, కళాశాలల వాటా పదో వంతుకు లోపే. కేంద్ర శాస్త్ర సంస్థల ఖర్చులో ఒక్క రక్షణ పరిశోధన సంస్థదే దాదాపు 30 శాతం. రాష్ట్రంలో విశ్వవిద్యాలయాల బోధన పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. తిరువూరులో ఎంపీసీ చదివే అమ్మాయికి భౌతికశాస్త్రం అంటే ర్యాంకు తెచ్చే సబ్జెక్టు. ఆ తర్వాత కంప్యూటర్ సైన్స్ సీటు. భగవంతం పుట్టిన ఊరు గంటన్నర దూరంలో ఉందని ఆమెకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు.

చివరి మడికి ఏం కావాలి?

విజ్ఞానంతో తిరువూరుకు పనేమిటని అడిగేవారికి మూడు విషయాలు చాలు. అణు శాస్త్రజ్ఞులు రేడియేషన్‌తో విత్తనాల్లో మార్పు తెచ్చి ఇచ్చిన టీఏజీ–24 వేరుశనగ రాయలసీమ రైతుకు తెలిసిన రకమే. రెండోది, మామిడి. 2007లో అమెరికా మన మామిడికి మళ్లీ తలుపు తెరిచినప్పుడు పెట్టిన షరతు, కాయలోని పురుగు నశించేలా గామా కిరణాలు పట్టించి పంపాలని. నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో ఉల్లిపాయల కోసం కట్టిన కేంద్రంతో ఆ పని మొదలైంది. నూజివీడు, తిరువూరు మామిడికి ఆ విజ్ఞానం ఎంత దగ్గరగా అందుబాటులో ఉంటే రైతుకు అంత మేలు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. తిరువూరు నియోజకవర్గంలోని ఎ.కొండూరు తండాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాలను కూల్చింది. కృష్ణా జలాలు పైపుల్లో తెచ్చే పథకం చేపట్టడం సరైన పనే. భూగర్భ జలం ఎక్కడి నుంచి వస్తోందో, ఎంత పాతదో ఐసోటోపులతో పట్టిచూసే నైపుణ్యం ట్రాంబేలో దశాబ్దాలుగా ఉంది. అలాంటి పరీక్షలు చేసే ప్రయోగశాల ఒకటి జిల్లాలోనే ఉండి, ఏటా నీటినీ రక్తాన్నీ కలిపి చూస్తూ ఉంటే, ఆ తండాలకు విజ్ఞానం చేరిందని చెప్పొచ్చు.

అందుకని ఇప్పుడు పెడతామంటున్న వేల కోట్లకు మూడు షరతులు కట్టాలి. మొదటిది, చిన్న రియాక్టర్లకైనా జెట్ ఇంజిన్‌కైనా కేటాయించే పరిశోధన నిధుల్లో ఒక నిర్ణీత వాటా రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు, డిగ్రీ కళాశాలలకు వెళ్లాలి. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ పెద్ద సంస్థను కేంద్రంగా పెట్టి చుట్టూ చిన్న విశ్వవిద్యాలయాలను కలిపే పథకం మొదలుపెట్టింది. ఆలోచన మంచిది. అందులో చిన్న సంస్థలకు దక్కే డబ్బు ఎంతో, పరికరం ఎవరి గదిలో ఉంటుందో ఏటా ప్రకటించాలి. లేకపోతే అదీ ఎగువ ఆయకట్టు ముచ్చటే అవుతుంది. రెండోది, పాతికేళ్లు దాటిన ప్రభుత్వ రికార్డులను జాతీయ అభిలేఖాగారానికి అప్పగించాలన్న నిబంధన ఉంది. దాన్ని అణు, వైమానిక సంస్థలూ పాటించాలి. మరుత్ ఎందుకు ఆయాసపడిందో, 1962 అంచనాలు ఎందుకు తప్పాయో నేటి ఇంజినీరింగ్ విద్యార్థి అసలు కాగితాల్లో చదవగలగాలి. మూడోది రాష్ట్ర ప్రభుత్వం చేయాల్సిన పని. విశ్వవిద్యాలయాల పోస్టులు భర్తీ చేయకుండా కేంద్ర సంస్థలను ఆహ్వానించడం తూము పూడ్చేసి డ్యాం అడిగినట్టు ఉంటుంది. నూజివీడులో 2008 నుంచి పల్లె పిల్లలు చదువుకుంటున్న ట్రిపుల్ ఐటీ ఉంది. పక్కనే ఆగిరిపల్లి ఉంది. అక్కడ భగవంతం పేరుతో పదార్థ శాస్త్ర ప్రయోగశాల ఒకటి పెట్టి, హైదరాబాద్ సంస్థల శాస్త్రవేత్తలు ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ పనిచేసేలా చేస్తే ఖర్చు పెద్దది కాదు.

డెబ్బై ఏళ్ల కిందట తల దగ్గర పని బాగానే జరిగింది. ఆనాటివారికి దేశం అప్పగించిన పని అదే కాబట్టి వారిని తప్పుపట్టలేం. మేజర్లు, మైనర్లు, బోదెలు తవ్వాల్సింది తర్వాతి తరం. ఆ తరం మనమే. ఈసారి అణు విద్యుత్తు గురించో విమానం గురించో గొప్ప అంకె ఒకటి ప్రకటించినప్పుడు మన శాసనసభ్యుణ్నీ, పార్లమెంటు సభ్యుణ్నీ ఒక్క మాట అడగాలి: అందులో తిరువూరు తూముకు ఎంత?